దర్శనానికి ఎంతసేపు పడుతుంది? లాడ్జి కౌంటర్ నుంచి ఒక శాంప్లింగ్ ప్రాజెక్టు డైరీ

సోమవారం

తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షన్ నా పని, డిస్టెన్స్‌లో బీఎస్సీ స్టాటిస్టిక్స్ చదువుతా ఉండా. కౌంటర్లో కూర్చున్నోడికి పొద్దన్నుంచి రాత్రి దాకా వచ్చే ప్రశ్న ఒకటే, "దర్శనానికి ఎంతసేపు పడుతుంది బాబూ?" అని. మా లాడ్జిలో దీనికి మనిషికో జవాబు ఉంది. ఓనరన్న ఎప్పుడడిగినా "నాలుగైదు గంటలు" అంటాడు, బ్రహ్మోత్సవాలైనా అంతే, వానాకాలం మంగళవారమైనా అంతే. రూమ్ బాయ్ "ఈరోజు ఫ్రీగా ఉంది సామీ, పోతానే అయిపోతుంది" అంటాడు. బయట నిలబడిన ట్యాక్సీ డ్రైవర్లనడిగితే "పన్నెండు గంటలు పైనే సార్, ముందు కాణిపాకం, కాళహస్తి చూసుకోని రండి" అంటారు, ఎందుకంటారో మీకు తెలిసిందే.

టీటీడీ వాళ్లు రోజూ చెప్తారు గదా అనొచ్చు. చెప్తారు, కానీ టీవీలో స్క్రోలింగ్ వచ్చే ఆ గంటల లెక్క టోకెన్ లేని సర్వదర్శనానిది. మా గెస్టు చేతిలో 300 రూపాయల టికెట్టు పెట్టుకోని ఆ అంకె చూసి భయపడి కిందికొచ్చి అడుగుతాడు. కాబట్టి ప్రాజెక్టు ఇదే ఎత్తుకున్నా. అయితే గంటలు కనుక్కోవడం ఒక్కటే కాదు, ఒకే ప్రశ్నని వేరే వేరే చోట్ల, వేరే వేరే పద్ధతుల్లో అడిగి జవాబు ఎంత మారుతుందో చూడాల, పుస్తకంలో శాంప్లింగ్ బయాస్ (అడిగేవాళ్లని ఏరుకున్న తీరుని బట్టి జవాబు ఒక పక్కకి వంగిపోవడం) అని ఒక చాప్టర్ ఉంది గదా దాన్ని ఊళ్లో పెట్టి చూడడం అన్నమాట.

ముందే చెప్తా ఉండా, నాకొచ్చిన గంటల అంకెలు ఇందులో రాయను. రాస్తే రేపు పొద్దన్నే "తిరుమల తాజా సమాచారం" అని తేదీ లేకుండా వాట్సాప్‌లో తిరుగుతాయి, వచ్చే ఏడాది మా కౌంటర్లోనే నాకే చూపిస్తారు.

ప్రశ్న ఎట్లా అడగాల

దీనికే శానా టైము పోయింది. "ఎంతసేపు పట్టింది?" అంటే ఒకాయన రూములోంచి బయల్దేరినప్పటి నుంచి లెక్కేస్తాడు, ఇంకొకాయన లైన్లో కాలు పెట్టినప్పటి నుంచి, ఒకామెయితే ఏకంగా కోయంబత్తూరులో బస్సెక్కినప్పటి నుంచి చెప్పింది. అందరూ గుండ్రంగా చెప్తారు, ఐదు గంటలు, పది గంటలు అని, ఆరుంబావు అన్న మనిషి ఒక్కరు లేరు. దీనికి తోడు ఇది దేవుడి విషయం. ఎక్కువసేపు పట్టింది అని చెప్తే సామి మీద ఫిర్యాదు చేసినట్టుంటుందని "ఏం లేదు నాయనా, ఆయన దయవల్ల ఇట్టే అయిపోయింది" అంటారు పెద్దవాళ్లు, పక్కనే వాళ్ల అబ్బాయి కళ్లు పెద్దవి చేసి చూస్తా ఉంటాడు. పుస్తకంలో రెస్పాన్స్ బయాస్ అని ఒక లైనులో రాసేసినారు దీన్ని.

దారి దొరికింది ఫోన్లలో. లోపలికి ఫోన్లు పోవు గదా, కౌంటర్లో పెట్టేసి పోవాల. బయటికొచ్చి ఫోన్ చేతికి తీసుకోంగానే ప్రతి మనిషీ చేసే మొదటి పని ఇంటికి కాల్ చేసి "ఆ, దర్శనం అయింది" అని చెప్పడం. ఫోన్ ఇచ్చే ముందు కూడా "ఫోన్ పెట్టేస్తా ఉండాం, ఇంక దొరకం" అని ఒక కాల్ ఉంటుంది. ఆ రెండు కాల్స్ టైము లిస్టులో ఉంటుంది. "ఎంతసేపు" అని అడక్కుండా "ఆ కాల్స్ ఎన్నింటికి చేసినారో ఒకసారి చూసి చెప్తారా" అంటే ఆరుంబావు గంటలూ వస్తాయి, మూడు గంటల నలభై నిమిషాలూ వస్తాయి. లైను మొదటి నుంచి చివరి దాకా కచ్చితంగా ఇది కాదు, కొంచెం అటూ ఇటూ పోతుంది, కానీ అందరికీ ఒకే కొలత.

లాడ్జి రిజిస్టర్

చేతికందింది మా రిజిస్టరే కాబట్టి మొదటి శాంపిల్ దాంట్లోంచే. అందరూ దీన్ని కన్వీనియన్స్ శాంపిల్ అని తిడతారు గానీ తిట్టడం కంటే ఇది ఎటు వంగి ఉంటుందో కనుక్కోవడం ముఖ్యం. దర్శనం అయ్యాక మళ్లీ మా కౌంటర్ ముందుకొచ్చేది ఎవరు? 300 టికెట్టువాళ్లు, లేదా విష్ణు నివాసంలోనో శ్రీనివాసంలోనో భూదేవి కాంప్లెక్సులోనో ఎస్ఎస్‌డీ టోకెన్ (టైము వేసిచ్చే సర్వదర్శనం టోకెన్) తీసుకున్నవాళ్లు. వాళ్లకి టైము రాసి ఉంటుంది, సామాను రూములో పెట్టి పోయి వచ్చి భోంచేసి పడుకోని ఖాళీ చేస్తారు. టోకెన్ లేకుండా పోయేవాళ్లకి ఎప్పుడు బయటికొస్తారో తెలీదు, రూముకి 24 గంటల లెక్క, ఊరికే అద్దె కట్టడమెందుకని పొద్దన్నే ఖాళీ చేసి సామానుతో కొండెక్కేస్తారు. అంటే ఎక్కువసేపు నిలబడే మనిషి నా రిజిస్టర్లో ఉంటాడు గానీ దర్శనం తర్వాత నాకు దొరకడు. అసలు లాడ్జికే రానివాళ్లు ఇంకో లెక్క, మద్రాసు నుంచి పొద్దన వచ్చి రాత్రికి పోయేవాళ్లు, కొండమీదే రూము దొరికినవాళ్లు, శ్రీనివాసం హాల్లో పడుకున్నవాళ్లు.

ఇప్పుడు అర్థమైంది ఓనరన్న "నాలుగైదు గంటలు" యాడ నుంచి వచ్చిందో. ఆయన అబద్ధం చెప్పడంలే. ఇన్నేళ్లుగా ఆయన ముందుకొచ్చి నిలబడినోళ్ల లెక్క అది.

కంపార్ట్‌మెంట్లో

అమ్మమ్మకి మొక్కు ఉంటే తోడు పోయినా, టోకెన్ లేకుండానే. వైకుంఠం కాంప్లెక్సులో కంపార్ట్‌మెంట్లో కూర్చోబెట్టినారు. గ్రిల్లు తలుపేసినారు, పాలు ఇచ్చినారు, పిల్లోళ్లు చాపల మీద దొర్లుతా ఉండారు, ఒక మూల కన్నడ భజన. కాగితం పెన్ను తీసి చుట్టూ ఉన్నోళ్లని అడగబోయి ఆగినా. ఆ హాల్లో ఉన్న అందరూ ఇంచుమించు ఒకే టైముకి లోపలికొచ్చినవాళ్లు, తలుపు తీస్తే అందరూ ఒకేసారి పోతారు. వీళ్లలో నలభై మందిని అడిగినా ఒక్క మనిషిని అడిగినట్టే కదా!

క్లస్టర్ శాంప్లింగ్‌లో, అంటే మనుషుల్ని గుంపులు గుంపులుగా తీసుకున్నప్పుడు, డిజైన్ ఎఫెక్ట్ అంటారే అది ఇదే. లెక్క ఇట్లా: గుంపులో మనిషికీ మనిషికీ పోలిక ఎంతో చెప్పే అంకె ఒకటుంటుంది, 0 అంటే ఏం పోలిక లేదు, 1 అంటే అందరూ ఒకటే. అడిగినవాళ్ల సంఖ్యలోంచి ఒకటి తీసేసి, దాన్ని ఆ అంకెతో గుణించి, ఒకటి కలపాల. నలభై మంది, పోలిక 0.9 అనుకుంటే 39 ఇంటూ 0.9, ప్లస్ 1, అంటే 36.1. నలభైని దాంతో భాగిస్తే 1.1. నలభై ఫారాలు నింపుకోని ఇంటికి తెచ్చినా చేతిలో ఉండేది ఒక్క మనిషి కంటే కొంచెం ఎక్కువ సమాచారం, ఫారాల కట్ట మాత్రం లావుగా కనబడుతుంది.

అక్కడ కూర్చోని ఇంకోటి ఆలోచించినా, ఇదే ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన సంగతి. నన్ను ఇప్పుడు ఇక్కడున్నట్టు ఏదో ఒక గడియలో లైన్లోకి దించి, లోపల ఉన్న అందర్లో చీటీ వేసి ఒకర్ని తీయమంటే ఎవరొస్తారు? గంటకి వంద మంది టికెట్టువాళ్లు వస్తారనుకోండి, వాళ్లకి 2 గంటలు. గంటకి వంద మంది టోకెన్ లేనివాళ్లు వస్తారు, వాళ్లకి 10 గంటలు. వచ్చేది సమానంగానే వస్తా ఉండారు, సగటు 6 గంటలు. కానీ ఏ గడియలో చూసినా లోపల టికెట్టువాళ్లు 200 మంది, టోకెన్ లేనివాళ్లు 1000 మంది ఉంటారు, ఎందుకంటే వీళ్లు పదేసి గంటలు అక్కడే ఉంటారు. ఆరుగురిలో ఐదుగురు వీళ్లే తగుల్తారు. వాళ్ల మొత్తం టైము సగటు చూస్తే 8 గంటల 40 నిమిషాలు వస్తుంది. చీటీ పక్కాగా ర్యాండమ్, అయినా జవాబు 6 కాదు. ఇంకా తమాషా ఏందంటే, అదే మనుషుల్ని "ఇప్పటిదాకా ఎంతసేపయింది" అని అడిగితే అందులో సగం, 4 గంటల 20 నిమిషాలు వస్తుంది. ఒకే లైను, ఒకే రోజు, మూడు అంకెలు, మూడూ నిజమే.

టీవీ వాళ్లు లైన్లోకి మైకు పెట్టినప్పుడల్లా ఎప్పుడూ శానాసేపు నిలబడినోళ్లే దొరుకుతారు ఎందుకబ్బా అనుకునేవాణ్ణి. వాళ్లు ఏరుకోనక్కర్లే, లైనే ఏరి పెడుతుంది.

సి.ఆర్.రావు గారి అన్నదమ్ముల లెక్క

ఈ రకం బయాస్‌కి లెంగ్త్ బయాస్, సైజ్ బయాస్ అని పేర్లున్నాయి. ఇంగ్లండ్ స్టాటిస్టిక్స్ పండితుడు ఫిషర్ 1934లో ఒక ప్రత్యేక సందర్భంలో దీన్ని పట్టుకుంటే, ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ ఎమ్మే చదివిన మన సి.ఆర్.రావు గారు 1965లో దానికి మొత్తంగా ఒక సిద్ధాంతం కట్టినారు. మనకి దొరికిన డేటా అసలు పాపులేషన్‌ది (మనం తెలుసుకోవాలనుకున్న మొత్తం గుంపుది) కాదు, ఒక్కో మనిషి దొరికే అవకాశం వేరే వేరేగా ఉన్నప్పుడు ఆ బరువులతో మారిపోయిన పాపులేషన్‌ది, కాబట్టి ఆ బరువు ఏందో తెలిస్తే వెనక్కి లెక్కేసుకోవచ్చు అని. ఆయన దీనికి మగపిల్లల క్లాసుల్లో ఒక ప్రయోగం చేసేవారు, మన దేశంలో చాలా ఊళ్లలో, బయటి దేశాల్లో కూడా. మీ ఇంట్లో మగపిల్లలెంతమంది, నీతో కలిపి? ఆడపిల్లలెంతమంది? అని అడిగి కూడితే మగపిల్లలు బాగా జాస్తి వస్తారు. చెప్తా ఉండేవాడే మగపిల్లోడు గదా, ఆడపిల్లలు మాత్రమే ఉన్న ఇల్లు ఆ క్లాసులోకే రాదు. జవాబు చెప్పిన పిల్లోణ్ణి తీసేసి లెక్కేస్తే రెండూ ఇంచుమించు సమానమైపోతాయి.

మా సందులో ట్యూషన్ చెప్పే అన్నని బతిమాలి అక్కడి పిల్లోళ్లతో చేయించినా, అట్లే వచ్చింది. ఒకడు లేచి "అన్నా, పెద్దనాయన కొడుకుల్ని కూడా అన్నదమ్ముల్లో వేయాల్నా" అన్నాడు. మన ఇళ్లల్లో ఆ ప్రశ్న రాకుండా ఉండదు, ముందే "ఒకే అమ్మ కడుపున పుట్టినోళ్లు" అని బోర్డు మీద రాయాల.

గురువారం రాత్రి

ఓనరన్న ప్రాజెక్టు సంగతి విని "దీనికింత తిరుగుడెందుకురా, మన లాడ్జీలోళ్ల గ్రూపులో పోల్ పెట్టు, అందరూ ముందుకి పంపిస్తారు, వేల మంది చెప్తారు" అన్నాడు. "అన్నా, పోల్‌లో ఎవరు చెప్తారన్నా? బాగా లేటయ్యి కడుపు మండినోడు, లేదంటే అరగంటలో అయిపోయి ఆనందం పట్టలేనోడు" అని 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల కథ చెప్పినా. లిటరరీ డైజెస్ట్ అని ఒక పత్రిక కోటి మందికి కార్డులు పంపింది, 20 లక్షలకు పైగా తిరిగొచ్చినాయి, లాండన్ అనే అభ్యర్థి గెలుస్తాడు అని వేసింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచినాడు. అడ్రసులు తీసింది టెలిఫోన్ డైరెక్టరీల్లోంచి, కార్ల రిజిస్ట్రేషన్లలోంచి, ఆ ఆర్థిక మాంద్యం రోజుల్లో అవి ఎవరి దగ్గరుంటాయి? పైగా కోటిలో జవాబు రాసింది నాలుగో వంతు లోపలే. అదే ఎన్నికలో గాలప్ అని సర్వేలు చేసే ఆయన చాలా చిన్న శాంపిల్‌తో సరిగ్గా చెప్పినాడు. అన్న అంతా విని "అయినా 20 లక్షలంటే తక్కువా" అన్నాడు. ఇది పోదు అన్న మనసులోంచి.

బస్సులు దిగే చోట

లైను లోపల అడిగితే వంకర వస్తుంది కాబట్టి బయటికొచ్చే దారిలో అడగాల, గంటకి ఎవరెంతమంది బయటికొస్తారో అదే నిష్పత్తిలో దొరుకుతారు. కొండమీద గుడి బయట జనాన్ని ఆపి అడగడం బాగుండదు, కిందికొచ్చే బస్సులు ఆగే చోట, అంటే లింక్ బస్టాండ్, ఆర్టీసీ బస్టాండ్, రైల్వే స్టేషన్ ముందు నిలబడినా. సొంత కార్లవాళ్లు దీంట్లో రారు, అది ఒప్పుకోని రిపోర్టులో రాసేది.

సిస్టమాటిక్ శాంపిల్, దిగేవాళ్లలో ప్రతి పదో మనిషి, మొదటి మనిషి ఒకటి నుంచి పది లోపల చీటీ తీసి. కాగితం మీద ఎంత సులువో. పదో మనిషి ముందుకి పోయి నోరు తెరిచేలోపల "రూమొద్దు బాబూ, రూమొద్దు" అని చెయ్యి ఊపుకుంటా పోతారు. లాడ్జి పేరున్న చొక్కా అయితే మార్చేసినా గానీ తిరుపతిలో బస్టాండ్ దగ్గర ఎవడన్నా పలకరిస్తే రూమో, ట్యాక్సీయో, టికెట్టు ఇప్పిస్తానని దళారీయో అనే అనుకుంటారు, వాళ్ల తప్పేం లేదు. కాలేజీ ఐడీ కార్డు మెళ్లో వేసుకోని, అట్ట కట్టిన ఫారం గుండెకి ఆనించుకోని, ముందు "స్టూడెంట్‌ని సార్" అనే ముక్క చెప్పడం మొదలుపెట్టినాక ఆగుతా ఉండారు. తమిళం మాకు అమ్మమ్మ వైపు నుంచి వచ్చేసింది, కన్నడం గడుస్తుంది, హిందీ మాత్రం రాదు, కాబట్టి ఉత్తరాది యాత్రికులు నా శాంపిల్లో పల్చగా ఉండారు.

పదో మనిషి దగ్గర ఇంకో తిరకాసు. ఆయన కోపంగా కనిపిస్తే పక్కన నవ్వుతా ఉన్నాయన్ని అడుగుదామనిపిస్తుంది, లెక్క తొమ్మిదా పదా అని సందేహమొస్తే మనకి వీలైనోడే పదో వాడైపోతాడు. మహలనోబిస్, అదే కలకత్తాలో 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టినాయన, బెంగాల్లో పంట కోత సర్వేల్లో దీన్నే పట్టుకున్నాడు. మడిలో చిన్న ముక్క కొలిచి కోస్తే దిగుబడి అసలు కంటే జాస్తి కనబడేది, ఎందుకంటే గీత మీద ఉన్న మొక్కల్ని కోసేవాళ్లు లోపలికే వేసుకుంటారు, ముక్క ఎంత చిన్నదైతే దాని సైజుతో పోలిస్తే అంచు అంత ఎక్కువ. నేను దీనికి నోట్లో లెక్కపెట్టడం మానేసి చేత్తో నొక్కే కౌంటర్, జపానికి వాడేది, గుడి దగ్గర అంగట్లో కొన్నా. అది పది అంటే పదే.

కుటుంబాలు ఇంకో లెక్క. పన్నెండు మంది ఒకే గుంపుగా దిగితే ఆ గుంపులోంచి వచ్చే జవాబులు ఒంటరి మనిషి కంటే సగటున పన్నెండు రెట్లు. మనిషి లెక్కన సగటు కావాలంటే పర్లేదు, "ఒక్కో గుంపుకి" అని చెప్పాలంటే మాత్రం ఒక్కో జవాబుకి గుంపు సైజుతో భాగించి బరువు వేయాల. మళ్లీ రావు గారే.

ఆగనివాళ్ల సంగతి అసలు తలనొప్పి. సామాను నెత్తిన పెట్టుకోని స్టేషన్ వైపు పరిగెత్తేవాళ్లు ఎవరూ ఆగరు, వాళ్లెందుకు పరిగెత్తుతా ఉండారు? శానామందికి దర్శనం లేటయింది కాబట్టి. అంటే జవాబు చెప్పకపోవడానికి కారణమే జవాబు. ఇట్లాంటి నాన్ రెస్పాన్స్‌ని ఇంకా వందమందిని అడిగి పూడ్చలేం. అయితే ఇక్కడ తిరుపతిలో మనకొక వసతి ఉంది, వేరే ఊళ్లో దొరకదు. మనిషి నోరు తెరవకపోయినా గుండు కనబడుతుంది! టీటీడీ రోజూ దర్శనం చేసుకున్నవాళ్లెంతమంది, తలనీలాలు ఇచ్చినవాళ్లెంతమంది అని రెండు అంకెలూ ఇస్తుంది. ఆగినవాళ్లల్లో గుండ్లు ఎంత, ఆగనివాళ్లల్లో ఎంత, ఇద్దర్నీ కలిపితే ఎంత, ఆ రోజు ప్రకటించిన నిష్పత్తికి ఎంత దగ్గర అని చూడొచ్చు. టోపీలు పెట్టుకున్నవాళ్లు, మూడు కత్తెర్లు ఇచ్చిన ఆడవాళ్లు కనబడరు, ఈరోజు గుండు కొట్టించుకోని రేపు దర్శనానికి పోయేవాళ్లుంటారు, పక్కాగా కుదరదు. కానీ ఆగినవాళ్లల్లో గుండ్లు తక్కువగా ఉండారు అని మాత్రం తెలిసింది, కళ్యాణకట్ట పని కూడా పెట్టుకున్నవాళ్లకి ఇంకా తొందర గదా.

ఇప్పటికి యాడ ఉన్నానంటే

అందరికీ కలిపి ఒక సగటు చెప్పడం వదిలేసినా. 300 టికెట్టు, టోకెన్ ఉన్నవాళ్లు, టోకెన్ లేనివాళ్లు అని మూడు స్ట్రాటాలు, అంటే మూడు వర్గాలు, వేరే వేరే. మూడోదాంట్లో ఒకరిద్దరు విపరీతంగా లేటయి సగటుని పైకి లాగేస్తారు కాబట్టి మీడియన్ (అందర్నీ వరసగా పెడితే సరిగ్గా మధ్యలో ఉండే మనిషి టైము), దాంతోపాటు పదిమందిలో తొమ్మిదిమందికి ఎంతలోపు అయింది అనేది. రైలు టికెట్టు పెట్టుకున్న గెస్టుకి కావాల్సింది ఆ రెండో అంకే. కౌంటర్లో ఇప్పుడు ఎవరన్నా అడిగితే నేను తిరిగి అడిగేది "మీ దగ్గర ఏం టికెట్టుంది సార్?" అని. ఓనరన్న పక్కనుంచి "నాలుగైదు గంటలు" అంటానే ఉంటాడు.

మిగిలింది టైము. నా డ్యూటీ అయ్యాక మధ్యాహ్నాలే నిలబడుతా ఉండా, తెల్లారుజామున దిగే బస్సుల్లో వేరే మనుషులుంటారు. వారంలో ఉన్న గంటల్ని రెండేసి గంటల స్లాట్లు చేసి చీటీలు రాసి ఖాళీ లడ్డు కవర్లో వేసి తీసినా. శనివారం రాత్రి రెండు నుంచి నాలుగు వచ్చింది, శుక్రవారం పొద్దన ఒకటి వచ్చింది. శుక్రవారానిది పర్లేదు. శనివారానికి నైట్ డ్యూటీ అన్నతో షిఫ్టు మార్చుకోవాల, హిందీ వచ్చిన రూమ్ బాయ్‌ని తోడు తీసుకోని పోవాల, వాడు టీతో పాటు బన్ను కూడా అడుగుతా ఉండాడు.